వెనక్కి చుట్టిన పటం

వేదిక మీద చెప్పిన మాట

నేను ఉద్యోగం మానేసిన రోజు శాలువా కప్పి ఐదుగురు మాట్లాడారు. ఐదుగురూ ఒకటే మాట చెప్పారు: "ప్రమీల టీచర్ కథలతో పిల్లలకు నీతులు నేర్పింది." నేను లేచి కాదనబోతే పక్క కుర్చీలో ఆవిడ మోచేత్తో పొడిచింది కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు పొడిచేవాళ్లు లేరు. ఆ మాట తప్పు. నేను నీతులు నేర్పింది మొదటి తొమ్మిదేళ్లే. వాటిలో ఒక నీతి ఒక ఆడపిల్ల చదువును ఇంచుమించు మింగేసింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లూ నేను చేసిందల్లా కథ చెప్పి నోరు మూసుకోవడం. నాలాంటి దానికి అదెంత కష్టమో మా ఇంట్లోవాళ్లను అడగండి.

సూరత్‌లో మరమగ్గాల మీద పనికి తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు చదివే తెలుగు బడి మాది. ఒకటి నుంచి ఎనిమిది దాకా. మా నాన్న కూడా మగ్గం మీద నిలబడే నన్ను డిగ్రీ దాకా చదివించాడు. బడిలో తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడుతూ పెరిగినదాన్నే కనుక ఆ పిల్లలు నాకు కొత్త కాదు. నాకు కొత్తగా ఉన్నది ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలూ అబ్బాయిలూ. శిక్షణ తరగతి నుంచి ఒక కాగితం పట్టుకొస్తున్నారు. పైన 'మాయా కథల నుంచి జీవిత పాఠాలు' అని ఉంటుంది. కింద గడులు: ధైర్యం, స్నేహం, త్యాగం, నిజాయితీ. కథ అయ్యాక ఏ గడి నిండిందో టిక్కు పెట్టాలట. మొన్న ఒకమ్మాయి మా ఇంటికొచ్చి, "మేడమ్, త్యాగం గడికి ఏ కథ బాగుంటుంది?" అని అడిగింది. టీ ఇచ్చి పంపించాను. ఆ అమ్మాయికి ఇవ్వాల్సిన జవాబు ఇది.

ఎర్ర సుద్ద

మా హెడ్మాస్టరు నర్సయ్య సారు మంచివాడు. పిల్లల్ని కొట్టడు, టీచర్ల మీద అరవడు. ఆయనకున్న పట్టుదల ఒక్కటే, ఎర్ర సుద్ద. కథ ఏదైనా సరే, చివర బోర్డు మీద 'నీతి' అని రాసి, పక్కన ఒకే వాక్యం రాసి, కింద ఎర్ర సుద్దతో గీత గీయాలి. పిల్లలు దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించుకోవాలి.

"నీతి రాయకపోతే నువ్వు కథ చెప్పినట్టు సాక్ష్యమేందమ్మా?" అనేవాడు.

సాక్ష్యం ఎవరికంటే తనిఖీకి వచ్చే అధికారికి. ఆయనకు తెలుగు అక్షరం రాదు. పుస్తకం తిప్పి ఎర్ర గీత కనిపిస్తే తలూపేవాడు, లేకపోతే చూపించమనేవాడు. అంటే మా నీతుల్ని శ్రద్ధగా వెతికిన ఒకే ఒక్క మనిషి వాటిని చదవలేడు. దీని మీద నేను అప్పుడే కొట్లాడి ఉండాల్సింది. కొట్లాడలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ ఎర్ర గీత ఇష్టంగానే ఉండేది. దాన్ని గీస్తుంటే ఏదో చేసినట్టుండేది.

పిల్లలు మాత్రం మా గీతకు లోబడేవాళ్లు కాదు. రాక్షసుడు తన ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలుకలో దాచుకున్న కథ చెప్పి, దీని నీతి ఏమిటని అడిగాను. చెడ్డవాడికి చేటు తప్పదు అనో, మరొకటో వస్తుందని నా ఆశ. ఆరో తరగతి పిల్లవాడొకడు లేచి, "ఒక్క చిలుకలనే పెట్టొద్దు టీచర్. రెండు మూడు చిలుకలల్ల పెట్టుకోవాలె. ఒకటి ఖరాబైతే ఇంకోటి నడుస్తది" అన్నాడు. మగ్గానికి ఇంకో మోటారు సిద్ధంగా పెట్టుకునే ఇంటి పిల్లవాడు. నేను కూర్చోమన్నాను. బోర్డు మీద నా నీతే రాశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజు తరగతిలో బుద్ధిగా ఆలోచించింది వాడొక్కడే.

ఏడు ద్వారాలు

ఉద్యోగంలో చేరిన తొమ్మిదో ఏట నేనే ఒక కథ అల్లాను. పుస్తకాల్లోవి అయిపోయి కాదు, గర్వం కొద్దీ.

ఒక మాంత్రికుడు ఊళ్లోని చప్పుళ్లన్నీ దొంగిలించి కుండలో మూసి కోటలో దాస్తాడు. మగ్గం ఆడుతుంది, శబ్దం రాదు. తల్లి పిలుస్తుంది, బిడ్డకు వినపడదు. ఇక్కడ దాకా చెప్పగానే వెనక బెంచీ నుంచి, "మంచిదే గద టీచర్! మా బాపు నిమ్మలంగ పంటడు" అన్నారు. తరగతంతా నవ్వు. నేను కళ్లెర్రజేసి కథ సాగించాను. ఒక అమ్మాయి ఆ కుండ కోసం బయలుదేరుతుంది. కోటకు ఏడు ద్వారాలు. ప్రతి ద్వారం దగ్గర ఒక కాపలావాడు, ప్రతివాడికీ ఒకటి ఇచ్చుకోవాలి. మొదటి వాడికి కాలి పట్టీలు ఇచ్చింది. తర్వాత జడ, తర్వాత నీడ, నిద్ర, నవ్వు, నాలుక మీది రుచి. ఏడో వాడికి తన పేరు ఇచ్చేసింది. లోపలికెళ్లి కుండ పగలగొట్టింది. ఊరికి మాటలు తిరిగొచ్చాయి. అందరూ అందరినీ పిలుచుకున్నారు. ఆ అమ్మాయిని మాత్రం ఏమని పిలవాలో ఎవరికీ తెలియలేదు.

ఈ ముగింపు రాసుకున్న రోజు నాకు నేనే శాలువా కప్పుకున్నాను.

ఎనిమిదో తరగతిలో శ్రవంతి అని ఒక పిల్ల ఉండేది. బొమ్మలు బాగా వేసేది, లెక్కలు అంతంతమాత్రం. లేచి నిలబడింది.

"టీచర్, గా పిల్ల మల్ల ఇంటికొచ్చిందా?"

"కథ అక్కడితో అయిపోయింది."

"అయిపోతె ఎట్ల టీచర్? నిద్ర ఇచ్చింది, నవ్వు ఇచ్చింది, పేరు గూడ ఇచ్చింది. అవన్ని ఎవలి దగ్గరున్నయి?"

"కాపలావాళ్ల దగ్గరే."

"అడిగితె ఇయ్యరా?"

నాకు చిరాకేసింది. నా అందమైన ముగింపును ఈ పిల్ల పప్పు దినుసుల్లా ఏరుతోంది. "గొప్పవాళ్లు తమ కోసం ఏదీ అడగరు" అన్నాను. వాక్యం నా చెవికే బాగుందనిపించింది. అదే నీతి అని బోర్డు మీద రాసి ఎర్ర గీత గీశాను. శ్రవంతి రాసుకుంది. ఆమె నోటుబుక్కులో ఆ గీత నా గీత కన్నా తిన్నగా వచ్చింది.

కోసాడ్, మూడో అంతస్తు

పరీక్షలైపోయాయి. మా బడిలో ఎనిమిదితో సరి. తొమ్మిదికి హిందీ బడిలో చేరాలంటే ఫారం నింపాలి. శ్రవంతి రాలేదు. రెండు వారాలు చూసి నేనే వెళ్లాను. అప్పటికి కార్పొరేషన్ వాళ్లు ఆ గుడిసెలు తీసేసి ఊరి చివర కోసాడ్‌లో ఇళ్లిచ్చారు. మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటగది. నేల మీద చీర పరిచి ఉంది. చీర అంచుకు తళుకు రాళ్లు అతికించే పని ఇక్కడ ఇంటింటా ఆడవాళ్లు చేస్తారు. చీరకు ఆ కొసన తల్లి రాజవ్వ, ఈ కొసన శ్రవంతి. మూలన మంచం మీద రాజవ్వ అత్తగారు మల్లవ్వ.

"రా టీచరమ్మా. జర పక్కకెళ్లి రా, రాళ్లు కాలికంటుకుంటయి" అంది రాజవ్వ.

నేను సూటిగా విషయానికి వచ్చాను. రాజవ్వ చేయి ఆపకుండానే జవాబు చెప్పింది. "హిందీ బడి ఎంత దూరమున్నది, ఎరుక లేదా నీకు? రెండు బస్సులు మారాలె. చిన్నోన్ని ఇంగ్లీషు బడిల ఏసినం. వాన్ని తోలుకపోవాలె, తోలుకరావాలె, నేనే పోత. గంతసేపు ఈ చీరల మాలు ఎవరు చూడాలె?"

"మరి దీని చదువు?"

"ఇది అడుగుతలేదు గద."

నేను శ్రవంతి వైపు తిరిగాను. తల ఎత్తలేదు. చేతిలో జిగురు పుల్ల, దాని కొసన ఒక రాయి.

"నువ్వు చెప్పవే. చదువుకుంటానని మీ అమ్మను అడుగు."

"వద్దు టీచర్. గొప్పోళ్లు అడగరని మీరే రాసిన్రు గద."

వెటకారం అనుకుంటారేమో. కాదు. ఆ పిల్ల నిజంగానే అంది. పైగా రాజవ్వ మొహం వెలిగిపోయింది. "సూడు టీచరమ్మా, ఎంత మంచి బుద్ధులు నేర్పినవు! చిన్నోడు రోజు ఏదో ఒకటి కావాలని ఏడుస్తడు. ఇది నోరు తెరిచి ఒక్కటడగది. నీ పుణ్యమే."

ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పులన్నింటిలో తిరిగి ఇచ్చేయాలనిపించింది అదొక్కటే.

మల్లవ్వ లెక్క

మంచం మీద మల్లవ్వ ఇదంతా వింటోంది. "గదేం కథ? నాకు జెప్పు" అంది. చెప్పాను. ఏడో ద్వారం దాకా బుద్ధిగా విన్నది. ముగింపు వినగానే మొహం చిట్లించింది.

"గంతేనా? పిల్లను ఆడ్నే ఇడిసి అచ్చినవా?"

"కథ అంతే అవ్వా."

"సగం కథ సెప్పినవు బిడ్డా. మా ఊర్లె పటం కథ జెప్పెటోళ్లు వస్తుండిరి. బట్ట మీద బొమ్మలేసి, ఇప్పుకుంట ఇప్పుకుంట జెప్తరు. అయిపోయినంక ఏం జేస్తరు? బట్టను ఆడ్నే ఇడిసిపెట్టి పోతరా? తిరిగి సుడతరు. సుడుతుంటె బొమ్మలన్ని ఉల్టా వస్తయి. అడివిల వడ్డ రాజు వెనకకు నడిసి ఇంటికొస్తడు. పెద్దోళ్లు లేసి పోదురు. మేం పోరగాండ్లం ఆడ్నే కూసుందుము, ఇంటికొచ్చిండా లేదా సూసేదాక."

ఇది చదువుతున్న మీరు చాలా శిక్షణలు పొంది ఉంటారు. నేనూ పొందాను. పిల్లలకు కథ ఎందుకో ఆ మంచం మీద ముసలామె చెప్పినంత సూటిగా నాకు ఎక్కడా ఎవరూ చెప్పలేదు. మాయల్ని పిల్లలు నమ్మరు. కథ పెట్టిన నియమాన్ని నమ్ముతారు. నా కథ పెట్టిన నియమం ఏమిటి? ఇచ్చినది తిరిగి రాదు, అడగకూడదు, అడగకపోతే చప్పట్లు కొడతారు. ఎనిమిదో తరగతి ఆడపిల్ల దాన్ని ఉన్నదున్నట్టు నేర్చుకుంది. తప్పు పిల్లది కాదు.

"అవ్వా, ఈ కథకు పటం వేద్దాం. నువ్వే బడికొచ్చి చెప్పాలి" అన్నాను.

మల్లవ్వ నన్ను చూసింది, మనవరాలిని చూసింది. "వస్త. గని నాకు మెట్లు దిగ చాతగాదు. పొల్ల చెయ్యి పట్టుకోవాలె."

"మొన్న కూరగాయల బండికాడికి ఒక్కదానివే దిగలేదా అత్తా?" అంది రాజవ్వ.

"మొన్నటి మోకాళ్లు వేరే."

బట్ట

సెలవులైపోయి బడి తెరిచాక మల్లవ్వ వారానికి రెండు రోజులు వచ్చేది, చెయ్యి పట్టుకుని శ్రవంతి. తండ్రి కడోదరాలో మగ్గాల కారఖానాలో రాత్రి పాళీ, అంటే షిఫ్టు, చేసేవాడు. నేతలో మచ్చ పడి పక్కన పెట్టేసిన రంగు వేయని బట్ట సేఠ్‌ను అడిగి తెచ్చిచ్చాడు. దాన్ని గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు పరిచి పిల్లలు ఏడు ద్వారాలు వేశారు. శ్రవంతి కాపలావాళ్ల మొహాలు వేసింది. నేను రాక్షసుల్లా ఉంటారనుకున్నాను. ఆమె వాళ్లకు మామూలు మీసాలు, చొక్కా జేబులో పెన్ను పెట్టింది. ఒకడికి నర్సయ్య సారు కళ్లజోడు. సారు అది చూసి ఆ రోజంతా కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇచ్చే వస్తువులు గీయొద్దు, చీర ముక్కలతో చేద్దామన్నది శ్రవంతి ఆలోచనే. ఒక గుడ్డ బొమ్మ చేసి, దానికి ఏడు ముక్కలు పిన్నీసులతో తగిలించింది. పట్టీలకు వెండి లేసు, నీడకు నల్ల గుడ్డ, నవ్వుకు పసుపు, పేరుకు ఏమీ రాయని తెల్ల ముక్క. పోయేటప్పుడు బొమ్మ మీది పిన్నీసు తీసి కాపలావాడి చేతికి గుచ్చాలి. తిరిగొచ్చేటప్పుడు అతని చేతిలోంచి తీసి బొమ్మకు గుచ్చాలి. ఇది మొత్తం నాకు వివరిస్తున్నప్పుడు ఆ పిల్ల చేతులు చీరకు రాళ్లంటించే చేతుల్లా లేవు. నేను మాత్రం నీతి ఏదీ జారకుండా నాలుకను పళ్ల మధ్య నొక్కిపట్టాను, నిజంగానే.

"నీతి ఏడ రాస్తరు మేడమ్?" అన్నాడు సారు.

"బట్ట వెనకాల రాస్తాను సార్."

నమ్మాడు పాపం.

జెండా పండుగ నాడు

ఆగస్టులో జెండా ఎగరేశాక పటం విప్పాం. తల్లిదండ్రులు వచ్చారు. రాజవ్వ చిన్నవాడిని ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పాళీ దిగి నేరుగా వచ్చిన తండ్రి గోడకు ఆనుకుని కునికిపాట్లు పడుతున్నాడు. మల్లవ్వ కథ చెప్తుంటే ఒక కొసన శ్రవంతి బట్ట విప్పుతోంది. ఏడో ద్వారం దాటింది, కుండ పగిలింది, పిల్లలు గోలగోలగా అరిచారు. తండ్రి ఉలిక్కిపడి లేచాడు. నర్సయ్య సారు చప్పట్లు కొట్టి ఎర్ర సుద్ద తీసుకుని లేచాడు.

"కూసో సారు. పటం ఇంక సుట్టలే" అంది మల్లవ్వ.

బట్ట వెనక్కి కదిలింది. ఏడో ద్వారం మళ్లీ వచ్చింది, ఇప్పుడు అవతలి వైపు నుంచి. మల్లవ్వ కాపలావాడి గొంతు పెట్టింది. "ఎవలు నువ్వు? ఏం గావాలె?"

జవాబు ఎవరు చెప్పాలో మేం అనుకోలేదు. పిల్లలంతా కలిసి అరుస్తారులే అనుకున్నాం. ఎవరూ అరవలేదు. బట్ట పట్టుకున్న శ్రవంతి చెప్పింది.

"నా పేరు గావాలె."

"ఎందుకియ్యాలె?"

"నాది గాబట్టి."

పిన్నీసు తీసి తెల్ల ముక్క బొమ్మకు గుచ్చింది. అది ఊడుతుందేమోనని రెండోసారి గుచ్చింది. తర్వాతి ద్వారం నుంచి పిల్లలందుకున్నారు. "నా రుచి నాకియ్యి! నా నవ్వు నాకియ్యి!" అని గోడలు పగిలేలా అరిచారు. ఒళ్లో చిన్నవాడు కూడా, "నా నిద్ర నాకియ్యి" అని తల్లి గడ్డం పట్టుకుని అరిచాడు. రాజవ్వ నవ్వలేదు. కూతుర్నే చూస్తోంది.

బట్ట చుట్టేశాక శ్రవంతి ఆ చుట్టను చంకలో పెట్టుకుని తల్లి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నేను తొమ్మిదికి పోత. అడుగుతున్న."

"మాలు ఎవరు చూడాలె?"

"పొద్దుగాల జర నేను చూస్త. తమ్మున్ని బాపు తోలుకపోతడు."

"నేనా?" అన్నాడు తండ్రి. నిద్ర పూర్తిగా వదిలిపోయింది. చుట్టూ అందరూ నవ్వారు. అతను అందరి మొహాలూ చూశాడు, తల గోక్కున్నాడు. "పాళీ దిగినంక తోలుకపోత తీ. ఎట్లయిన దోవలనే గద."

దోవలో కాదు. అందరికీ తెలుసు.  రాజవ్వ నా వైపు తిరిగి, "ఫారం ఎప్పటిదాక ఇస్తరు టీచరమ్మా?" అంది. గడువు దాటిపోయింది. ఆ ఫారం కోసం నర్సయ్య సారు మూడు రోజులు హిందీ బడి చుట్టూ తిరిగాడు. ఎర్ర సుద్ద గురించి ఇంత తిట్టాను కాబట్టి ఇది కూడా రాయాలి.

ఆ తర్వాత

కథలో అయినట్టు ఏమీ కాలేదు. శ్రవంతి తొమ్మిదిలో తప్పింది. హిందీ మీడియం ఆమెను నేలకేసి కొట్టింది. నేను ఆదివారాలు కూర్చోబెట్టి చెప్పాను, మళ్లీ రాసింది, పన్నెండు దాకా ఎలాగో ఈదింది. చాలామంది ఆడపిల్లల్ని నేను ఆపాటి కూడా ఈదించలేకపోయాను. వాళ్ల గురించి రాయమంటే ఇంకా పొడుగు కాగితం కావాలి.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. కథ అయ్యాక మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. ఆ ఇరవైలోపు ఎవరో ఒకరు తప్పకుండా మీకు నచ్చని ప్రశ్న అడుగుతారు. మీ గడుల కాగితంలో దానికి చోటుండదు. కాగితాన్ని పక్కన పెట్టండి, ప్రశ్నను కాదు. త్యాగం గడికి కథ వెతికే అమ్మాయీ, నీ తరగతిలో ఆ గడి ఇంటి దగ్గర ముందే నిండిపోయిన పిల్లలు ఎందరున్నారో మొదట చూసుకో.

పట్టీలు

ఆ పటం ఇప్పుడు ఆల్థాన్‌లో మా ఇంట్లో బీరువా మీద ఉంది. బడిలో పిల్లలు తగ్గిపోయి గదులు ఖాళీ చేస్తుంటే తెచ్చుకున్నాను. వానాకాలంలో చెమ్మ పట్టకుండా అప్పుడప్పుడు విప్పి ఆరబెడతాను. చివరిదాకా విప్పి, మళ్లీ మొదటిదాకా చుడతాను. మల్లవ్వ పోయి చాలా ఏళ్లయింది. చుడుతుంటే ఆమె గొంతు వినిపిస్తుంది. వెనక బెంచీల గోల వినిపిస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో మగ్గాల మోత లేదు. అది లేకుండా మధ్యాహ్నాలు ఎంత పొడుగో ఆ చప్పుడులో పెరిగినవాళ్లకే తెలుస్తుంది.

ఒక సంగతి చాలా ఆలస్యంగా, మొదటిసారి ఇంట్లో విప్పినప్పుడు చూశాను. ఆరు ద్వారాల దగ్గర కాపలావాళ్ల చేతుల్లో పిన్నీసు కంతలే ఉన్నాయి. మొదటి ద్వారం వాడి చేతిలో మాత్రం వెండి లేసు ముక్క అలాగే ఉంది. ఆ రోజు గోలలో ఎవరం గమనించలేదు. మిగతావన్నీ అడిగి తెచ్చుకున్న పిల్ల, ఊరికి చప్పుళ్లు తెచ్చిన పిల్ల, తిరుగు దారిలో ఆఖరిదైన ఆ ద్వారం దగ్గర పట్టీలు వదిలేసి ఇల్లు చేరింది.

శ్రవంతి ఇప్పుడు కడోదరా వైపు ఒక కారఖానాలో చీరల ఎంబ్రాయిడరీకి కంప్యూటర్ మీద డిజైన్లు వేస్తుంది. శాలువా కప్పిన రోజు స్కూటీ మీద వచ్చింది. గేటు దగ్గర పట్టుకుని అడిగాను, పట్టీలెందుకు తీసుకోలేదే అని. హెల్మెట్ పెట్టుకుంటూ నవ్వింది.

"ఏంది టీచర్, ఇప్పుడు నన్ను నీతి అడుగుతున్నరా?" అని బండి తీసింది.

నీతి కాదు శ్రవంతీ. ఇరవై కాదు, ఇరవై వేలు లెక్కపెట్టి అడుగుతున్నాను. ఆ పట్టీలు నీకే వద్దనిపించి వదిలేశావా, లేక ఒక్కటైనా వదలకపోతే గొప్పదానివి కావని నేను ఎర్ర సుద్దతో రాసిన ముక్క నీలో ఇంకా ఎక్కడో చెరగకుండా ఉండిపోయిందా?